పని నేర్పువాడు – పని చేయించుకొనువాడు

మా పెద్దవంగరకు పాలకుర్తియు బమ్మెరయు ఇరుగుపొరుగులు. సోమనాథుని తలచుకొనుట, పోతనను తలచుకొనుట మాకు నిత్యకృత్యము. కాని నేడు నేను చెప్పబూనినది కవుల కథ కాదు. కొలిమికడను, మగ్గముకడను, గనిలోను పని నేర్చుకొను పిల్లల కథ. పిల్లవానిని పనిలో చేర్చుకొను యజమాని వానిని శిష్యునిగా చూచునా, సేవకునిగా చూచునా? ఈ ప్రశ్న మన దేశమున మిక్కిలి పాతది. నాకది తగిలిన విధము మొదట మనవి చేసెదను.

నేను ఉద్యోగవిరమణ చేయుటకు కొన్నియేండ్లకు ముందు, పదవతరగతి ముగించిన నా శిష్యుడొకడు లేతుపని నేర్వదలచి పట్టణమునకు పోయెను. వాని తండ్రి నాయొద్దకు వచ్చి సలహా యడిగెను. నేనే ఉత్తరము వ్రాసి యొక కార్ఖానా యజమానియొద్దకు పంపితిని. ఆరునెలలకు పిల్లవాడు వచ్చి, పని నేర్పుట లేదని మొరపెట్టుకొనెను. ఓపిక పట్టుమని చెప్పి మరల పంపితిని. ఏడాది నిండిన పిదప విచారింపగా, వాడు నేల యూడ్చుట, చాయ తెచ్చుట, ఇనుము మోయుట తప్ప యంత్రమును ముట్టి యెరుగడని తెలిసెను. నేను స్వయముగా పోయి యజమానిని అడిగితిని. ఆయన మర్యాదగానే బదులు చెప్పెను: “పంతులుగారూ, నాకు కావలసినది పని వచ్చినవాడు. నేను కష్టపడి నేర్పితినా, రేపు ఎదుటి దుకాణమువాడు నాలుగు రూపాయలెక్కువ యిచ్చి తీసికొనిపోవును. నేర్పిన నష్టము నాకు, లాభము వానికి.”

ఆ మాటకు నాకు వెంటనే బదులు తోపలేదు. పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చితిని. ఒక యేడు వ్యర్థమయ్యెను. అందులో నా పాలును కలదు. ఆ రాత్రి నిద్రపట్టక, బాల్యమున గురువులకడ చదివిన స్మృతిగ్రంథములను మరల విప్పితిని.

ఆశ్చర్యమేమన, ఆ యజమాని సందేహమును మన ధర్మశాస్త్రకారులు ఎన్నో శతాబ్దములకు పూర్వమే విచారించియుండిరి. శిల్పము నేర్వగోరి గురువునింట నివసించువానికి అంతేవాసి యని పేరు. నారదస్మృతి వానిని గూర్చి విపులముగా చెప్పుచున్నది. పిల్లవాడు తనవారి యనుమతితో ఆచార్యుని చేరవలెను. ఎంతకాలముండునో ముందుగా నిశ్చయించుకొనవలెను. ఆచార్యుడు వానికి తన యింటనే యన్నముపెట్టి నేర్పవలెను, వేరు పనులు చేయింపరాదు, కన్నకొడుకువలె చూడవలెను. శిల్పము నేర్పక యితరపనులు చేయించు గురువునకు కాత్యాయనుడు దండనయే విధించెను. శిష్యుడట్టివానిని విడిచి పోవచ్చుననియు చెప్పెను. నేల యూడ్పించిన మా యజమాని కాత్యాయనుని న్యాయస్థానమున నిలువజాలడు.

ఇక నేర్చినవాడు పారిపోవునన్న భయమునకు సమాధానము యాజ్ఞవల్క్యుడు చెప్పెను. శిష్యుడు గడువునకు ముందే పని నేర్చినను, ఒప్పుకొన్న కాలము నిండువరకు గురువునింటనే యుండవలెను. అప్పటి పనిఫలము గురువునకు చెందవలెను. గురువు భోజనము పెట్టుచునే యుండవలెను. మొదటి దినములలో చేతకానివానిని పోషించిన నష్టము, కడపటి దినములలో చేతనైనవాని పనితో తీరును. నేర్పువాడు నష్టపోడు, నేర్చువాడు బానిస కాడు. గడువు ముగిసినంతనే శిష్యుడు గురువునకు ప్రదక్షిణముచేసి స్వేచ్ఛగా పోవును.

ఈ యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమున ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. మన ఓరుగల్లు కాకతీయులు తొలుత ఆ చాళుక్యులకే సామంతులు. 13వ శతాబ్దమున కేతనకవి యా మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఇంత చెప్పి, పూర్వకాలమంతయు బంగారమని నేననను. గడువు నిండకుండ నిర్దోషియైన గురువును విడిచిన శిష్యుని కొట్టవచ్చుననియు బంధింపవచ్చుననియు ఆ నారదుడే చెప్పెను. అది నేడు మనకు సమ్మతము కాదు. మరియు వృత్తులు కులములలో చిక్కుకొనియుండుటచే, కమ్మరి తన కొడుకునకు నేర్పిన విద్యను పొరుగింటివాడెంత తెలివిగలవాడైనను పొందలేకపోయెను. విద్య నిలిచినది గాని వ్యాపింపలేదు.

అంతకంటె ఘోరమైనది మన ప్రాంతముననే జరిగినది. నైజాము కాలమున బగేలా యను పద్ధతి యుండెడిది. తండ్రి అప్పు తీసికొనును. ఆ యప్పు తీరువరకు తానును, పెక్కుమారులు తన కొడుకును దొరయింట జీతముండవలెను. వడ్డి పెరుగుచుండగా అప్పు తీరుట యెక్కడిది? పిల్లవాడు పసులకడనే పెద్దవాడగును. అంతేవాసికిని ఇతనికిని గల భేదము గమనింపుడు. అతనికి గడువు కలదు, ఇతనికి లేదు. అతనికి విద్య కలదు, ఇతనికి లేదు. అతనికి తుదను స్వేచ్ఛ కలదు, ఇతనికి అదియు లేదు. ఇద్దరును పరుని యింట తిని పనిచేయువారే. కాని యొకడు శిష్యుడు, ఒకడు దాసుడు. 1936లో నైజాము ప్రభుత్వము బగేలా ఒప్పందములను కట్టడిచేయ శాసనము చేసెను గాని, ఊళ్లలో దొరమాటయే శాసనమై నిలిచెను. ఆ వెట్టియు ఆ దౌర్జన్యములును రగిలించిన పోరాటములోనే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. దేశమంతటను వెట్టిచాకిరిని రద్దుచేసిన చట్టము 1976లో వచ్చెను.

యంత్రయుగము వచ్చిన పిమ్మట యజమానుల దృష్టి మరియొక తీరున మారెను. వరంగల్లున 1934లో ఆజంజాహి మిల్లు వెలసెను, 2002లో మూతపడెను. యంత్రశాలలో యజమాని పనివాని మొగమెరుగడు. పిల్లవానికి నేర్పుభారము పెక్కుచోట్ల ప్రక్కనున్న పాత పనివానిపై పడెను. గనులలో మాత్రము ఆ యుపేక్ష చెల్లలేదు. నేలలోపల పని తెలియని యొక్కని తొందర పదిమంది ప్రాణములు తీయును. కావుననే 1966 నాటి గనుల శిక్షణ నియమములు, శిక్షణ లేనివానిని గనిపనిలో పెట్టరాదని నిర్బంధించినవి. భూపాలపల్లి గనులలోనికి దిగువారికిని ఇదియే కట్టుబాటు. అచ్చట నేర్పుట దయ కాదు, ప్రాణరక్షణము.

తక్కిన పనులకు 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. ఒప్పందపత్రము వ్రాయవలెను, గడువుండవలెను, నెలభత్యమీయవలెను. 2019 నియమముల ప్రకారము 30 మందియు అంతకు మించియు పనివారుగల సంస్థ, వారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు పదునైదువరకు అప్రెంటిసులను తప్పక చేర్చుకొనవలెను. అంతకు చిన్నవానికి నిర్బంధము లేదు. శిక్షణ ముగిసినవానికి ఉద్యోగమీయవలెనన్న బాధ్యత తొలుత యజమానికి లేకుండెను. 2014 సవరణము, అట్టివారిని తీసికొనుటకు ప్రతి యజమానియు తన విధానమును తానే యేర్పరచుకొనవలెనని చెప్పెను.

ఆ చట్టమున 22వ విభాగములో మరియొక మాట తొలినుండియు కలదు. శిక్షణ ముగిసిన తరువాత ఇంతకాలము, ఇంత వేతనమునకు ఆ యజమానికడనే పనిచేయుదునని ఒప్పందములో వ్రాసికొన్నచో, యజమాని తగిన పని చూపవలెను, పిల్లవాడు అచ్చటనే చేయవలెను. ఇది చదివినప్పుడు నాకు యాజ్ఞవల్క్యుని మాటయే వేరు దుస్తులు ధరించి వచ్చినట్లు తోచినది. నా ప్రశ్నకు బదులు స్మృతిలోను శాసనములోను ఒక్కటియే: ఇరువురిని బంధించు గడువు.

పిమ్మట ఆ పిల్లవానిని వేరొక చిన్న దుకాణదారునికడకు తోడ్కొని పోయితిని. ఈమారు ఉత్తరము వ్రాయలేదు. ఎదుట కూర్చుండి మాటాడితిని. రెండేండ్లు నేర్పవలెను, మూడవయేడు పిల్లవాడు తక్కువ వేతనమునకు పనిచేయవలెను, తరువాత వాని యిష్టమని ముగ్గురమును కాగితముపై వ్రాసికొంటిమి. ఇరుప్రక్కల మాట నిలిచినది. మూడవయేడు ముగిసిన దినమున పిల్లవాడు పోవుటకు స్వేచ్ఛ కలవాడై యుండియు పోలేదు. ఇంకను రెండేండ్లు అచ్చటనే యుండెను.

పెద్దలారా, ఊరిలో పిల్లవానిని పనికి పంపునప్పుడు తల్లిదండ్రులు మీ మాట విందురు. జీతమెంత యని యడుగుటకు ముందు మూడు సంగతులడుగుడు: ఎన్నాళ్లు? ఏమి నేర్పెదరు? గడువు తీరిన పిదప పిల్లవాడు స్వతంత్రుడేనా? పదునాలుగేండ్లు నిండని బిడ్డయైనచో ఈ ప్రశ్నలే వలదు, బడికి పంపుడు. ఆడపిల్లలకును ఈ మూడు ప్రశ్నలే యడుగుడు. యజమానులైనవారికి నా మనవి యొక్కటే. పని వచ్చినవాడు కావలెనని అందరును కోరి, నేర్పువాడు మాత్రము పొరుగువాడు కావలెననుకొన్నచో, కొంతకాలమునకు ఏ దుకాణమునను పని వచ్చినవాడు దొరకడు. ఆనాడు ఆ యజమానియెదుట చెప్పలేకపోయిన బదులిదియే.