బుడమేరు దారి – పాత పటముల సాక్ష్యము

ఒక ప్రాంతపు చరిత్రను తెలిసికొనుటకు శాసనములు, రికార్డులు, పెద్దల నోటిమాటలు తోడ్పడును. వీనితోపాటు మనము తరచుగా మరచిపోవు ఆధారము మరియొకటి కలదు. అదియే సర్వే పటము. మన కృష్ణా ప్రాంతపు బుడమేరు వాగు ఇందుకు మంచి ఉదాహరణ.

1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా శాఖవారు ఊరూరా నేలను కొలిచి, మైలుకు ఒక అంగుళము చొప్పున పటములను అచ్చువేసిరి. మైలవరము, వెలగలేరు, విజయవాడ ప్రాంతములు 65డి సంఖ్యగల పటములలో చేరును. వీనిలో నీలిరంగు నీటిని, నల్లని గీతలు వేసవిలో ఎండిపోవు వాగులను తెలుపును. ఒకే ఎత్తుననున్న స్థలములను గోధుమరంగు రేఖలు కలుపును. ఆ రేఖలు దగ్గరగా నున్నచో నేల ఏటవాలు; ఎడముగా నున్నచో చదును.

ఈ పటములలో బుడమేరును వెంబడించి చూడుడు. మైలవరము కొండలలో సన్నని పాయలు వెంట్రుకలవలె బయలుదేరి, ఒకదానితో నొకటి కలిసి వాగగును. అక్కడ గోధుమ రేఖలు కిక్కిరిసి యుండును. వెలగలేరు దాటి క్రిందికి వచ్చినకొలది అవి అరుదగును. విజయవాడకు ఉత్తరముగా సాగి, ఏలూరు కాలువ క్రిందుగా దాటి, కొల్లేరు చేరువరకు నేల దాదాపు పళ్ళెమువలె నుండును. అనగా పైనుండి నీరు వేగముగా వచ్చును. క్రిందికి వచ్చిన పిమ్మట త్వరగా కదలదు.

తరువాతి కాలమున వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, వరదనీటిని కృష్ణకు మళ్ళించుటకు కాలువ త్రవ్విరి. అది ప్రకాశం బ్యారేజికి ఎగువన నదిలో కలియును. నది పొంగియున్నప్పుడు ఆ కాలువ నీరు సులభముగా లోనికి పోజాలదు. 2005లో బుడమేరు వరద మనలను హెచ్చరించినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించుచుండగా, మళ్ళింపు కాలువ కట్టలు తెగి, సింగ్‌నగర్ మొదలగు పేటలు రోజులతరబడి నీట మునిగినవి.

వాగు మన ఇండ్లమీదికి వచ్చినదని మనమనుకొంటిమి. పాత పటమును చూచినచో, వాగు తిరుగాడు నేలలోనికి మనమే వెళ్ళితిమని తెలియును.

2005 జాతీయ పటవిధానము పిమ్మట సర్వేవారి పటములు సామాన్యులకును లభ్యమగుచున్నవి. కావున ఇల్లు గాని, బడి గాని, సంఘ భవనము గాని కట్టదలచిన వారు దస్తావేజులతో పాటు పటమును కూడ పరిశీలింపవలెను. వరద నీరు ఏ గట్టు వరకు, ఏ గడప వరకు వచ్చెనో మన ఇంటి వృద్ధులను అడిగి, వ్రాసి యుంచవలెను. రాబోవు తరమునకు ఆ వ్రాత కూడ ఒక పటమే యగును.