గుడ్డ రెక్కలకు మసక వెలుతురు

విమానాల మ్యూజియంలో కెమెరా పట్టుకున్నవాళ్ల మొదటి ఫిర్యాదు వెలుతురు గురించే. విమానం పైకప్పు నుంచి వేలాడుతుంటుంది, దాని పొట్ట కింద చీకటి, వెనక నుంచి ఏ దీపమో కళ్లలోకి కొడుతుంటుంది. ఇంత ఖర్చుపెట్టి కట్టినవాళ్లు ఇంకో నాలుగు దీపాలు పెట్టలేకపోయారా అనిపించడం సహజమే. ఆ మసక ఎందుకో తెలియాలంటే వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం చరిత్ర చూడాలి. గ్యో ఒబాటా రూపకల్పన చేసిన ఆ భవనం 1976 జులై 1న తెరుచుకుంది. పెద్ద పెద్ద అద్దాల గోడల నుంచి పగటి వెలుగు ధారాళంగా పడే హాల్లో రైట్ సోదరుల 1903 నాటి ఫ్లయర్, లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ వేలాడాయి. అప్పట్లో సందర్శకుల చేతుల్లో ఉన్న కోడాక్రోమ్ ఫిల్ము వేగం 64 మాత్రమే. దానికి ఆ వెలుగు వరమే. విమానాలకు మాత్రం కాదు.

ఆ రెండు విమానాల రెక్కల మీద ఉన్నది గుడ్డ. రంగు చీరను నీడన ఆరేయాలని మన ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నూలుకు, రంగుకు ఎండ హాని చేస్తుంది. పైగా ఆ హాని పోగుపడుతూ పోతుంది: ఈ రోజు పడిన వెలుతురు నిన్నటిదానికి కలుస్తుంది, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అందుకే గారీ థామ్సన్ 1978లో రాసిన మ్యూజియం పరిరక్షణ గ్రంథం వస్త్రాలకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలమానం) చాలంది. ఆరుబయట నడినెత్తి ఎండ సుమారు లక్ష లక్స్, అంటే రెండు వేల రెట్లు. 2003లో ఫ్లయర్‌ను వేరే గదిలోకి, నేల మీదికి దించారు. 2018లో మొదలైన పునర్నిర్మాణంలో భవనం రాతి పలకలతోపాటు అద్దాలూ మార్చారు.

ఫ్లయర్ మీదున్న గుడ్డ 1903 నాటిది కాదు కదా, ఇంకా కాపాడేదేముంది అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1927లో రైట్ సోదరుల్లో ఒకడైన ఓర్విల్ ఒకసారి మార్చాడు, 1985లో మ్యూజియం మళ్లీ మార్చింది. కానీ మార్చిన ప్రతిసారీ పాత కుట్టు, పాత నేత విమానం మీద నుంచి పోతాయి. స్పిరిట్ విషయంలో మార్చడం మరీ నష్టం, దాని ముక్కును చూస్తే చాలు. ఇంజను మీది అల్యూమినియం రేకులు ఫోటోల్లో బంగారు రంగులో మెరుస్తాయి. అది లోహం రంగు కాదు. రేకుల మీది గుర్తులు చెరగకూడదని మ్యూజియం వాళ్లే పూసిన వార్నిష్ ఏళ్లు గడిచి పసుపెక్కింది. కెమెరాలో ఆ రంగు తగ్గించి "సరిచేస్తే" చరిత్రలో ఒక పొర చెరిపినట్టే.

లోహపు విమానాలకు ఈ భయం లేదుగా అన్నది మరో మాట. రేకుకు లేకపోవచ్చు, రంగుకు, టైరు రబ్బరుకు, కాక్‌పిట్ మీది పారదర్శక ప్లాస్టిక్‌కు, సీటు గుడ్డకు ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో 2017 నుంచి ఉన్న టీయూ-142 విమానం చుట్టూ ఎండతోపాటు ఉప్పుగాలి కూడా ఉంది. అక్కడ ఫోటో తేలిక, సంరక్షణ కష్టం.

కొన్ని మ్యూజియంలు ఫ్లాష్ మీద పెట్టే నిషేధానికి హాని అన్న కారణం మాత్రం నాకు బలంగా కనిపించదు. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు మీటర్ల దూరంలో ఇచ్చే వెలుతురు 50 లక్స్ గదిలో ఒక సెకను వెలుతురుకు మించదు. అయినా ఫ్లాష్ వద్దనే నా సలహా, కారణం వేరు: దగ్గరున్న ముక్కు తెల్లబారుతుంది, దూరంగా ఉన్న తోక నల్లబడుతుంది, మెరిసే రేకు వెలుగును తిరిగి కెమెరాలోకే కొడుతుంది. ఇప్పటి కెమెరాల ఐఎస్ఓ 3200 పాత కోడాక్రోమ్‌కు యాభై రెట్లు. 50 లక్స్‌లో ఎఫ్4 దగ్గర సెకనులో నలభయ్యో వంతు చాలు. చేయి కుదురుగా ఉంటే చాలామందికి సాధ్యమే. ముక్కు నుంచి తోకదాకా స్పష్టంగా రావాలంటే ఎఫ్8 కావాలి, అప్పుడు సెకనులో పదో వంతు పడుతుంది, ట్రైపాడ్ తప్పదు. రద్దీ వేళ ట్రైపాడ్ కాళ్లు ఎవరికైనా అడ్డమే. కాబట్టి మ్యూజియంలు దీపాలు పెంచనక్కర్లేదు; జనం లేని ఉదయపు గంట ఒకటి ట్రైపాడ్‌లకు వదిలితే చాలు.