పేరు మారిన జిల్లా, పేరు మారని వాడ

2016 అక్టోబరు 11వ తేదీ, విజయదశమి నాడు, తెలంగాణమున జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగి పూర్వపు ఆదిలాబాదు జిల్లా నాలుగు పాళ్లుగా విభక్తమైనప్పుడు, అందొక పాలికి కుమురం భీం ఆసిఫాబాదు అను నామధేయము లభించినది. కచేరీ ద్వారముల మీదను, బస్సుల నుదుటి మీదను నిత్యము కనబడుచుండుటచే ఈ పేరు మనకు అలవాటైపోయినది గాని, నిలిచి చదివినవారికి ఇందొక చరిత్రవైచిత్ర్యము గోచరింపక మానదు. పూర్వము జన్‌గాం అనబడిన ఊరు ఆసఫ్‌జాహీ వంశము పేర ఆసిఫాబాదైనది. ఆ వంశపు ఏడవ ప్రభువైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, ఆయన పోలీసుల తూటాలకు 1940లో జోడేఘాట్ కొండలలో నేలకొరిగినవాడు కుమురం భీం. ఏలిన వంశమును, ఎదిరించి మడిసిన గోండు వీరుడును ఒకే పలక మీద పక్కపక్కన నిలువవలసివచ్చినది.

ఒక జాతిని తక్కువగా ఎంచిన కాలమునకు గురుతులై మిగిలిన స్థలనామములను తొలగించి, వాని చోట గౌరవనామములను నిలుపుట నేడు ప్రపంచమున పలుచోట్ల సాగుచున్న పని. మనకు నల్లతెల్లల భేదము లేదు గాని, పుట్టుకను బట్టి మనుష్యుని నివాసమును నిర్ణయించు భేదమునకు కొదవ లేదు. ఆ భేదము ఉత్తర తెలంగాణపు పేర్లలో ఎట్లు పాతుకొని యున్నదో, ఎంతవరకు తొలగినదో విచారింపగా, పేరు మార్పు అను పుణ్యకార్యము జిల్లాపటమునకు సులువుగా చేరునేగాని, ఊరవతలి వాడకు చేరుట దుర్లభమని తోచుచున్నది.

జోడేఘాట్ అడిగినది

1920ల నాటికే నిజాము ప్రభుత్వము అడవులను రిజర్వు చేయసాగినది. తరతరములుగా పోడు కొట్టుకొని, కొన్నియేండ్లకొకమారు చోటు మార్చుచు బ్రతికిన గోండులు, కొలాములు ఒక్కనాటిలో తమ నేల మీదనే దురాక్రమణదారులైరి. పశువుల మేతకు సుంకము, వంటచెరకునకు సుంకము, అటవీ సిబ్బందికి మామూళ్లు, మైదానము నుండి వచ్చి పట్టాలు చేయించుకొన్న షావుకార్ల దౌర్జన్యము తోడు కాగా, బాబేఝరీ, జోడేఘాట్ మొదలగు పన్నెండు గూడెముల మీద తమకు హక్కు కావలెనని భీం పట్టుపట్టెను. జల్, జంగల్, జమీన్ అని నేడు మనము తలంచు ఆ మూడు కోరికలలో పేరు ప్రసక్తి ఎచ్చటను లేదు.

భీం మరణానంతరము ఆ తిరుగుబాటునకు హేతువేమో తెలిసికొనుటకై ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్‌ను నియోగించినది. ఆయన తన ధర్మపత్నితో మార్లవాయి గూడెమున కాపురముండి, గోండుల కష్టములను పాలకుల భాషలోనికి తెచ్చి, 1943లో అచ్చటనే గోండు బాలుర చదువునకు పాఠశాల పెట్టించి, లావుణి పట్టాలిప్పించుటకు తోడ్పడెను. ఆ దంపతుల సమాధులు నేటికిని మార్లవాయిలో ఉన్నవి. అయినను భూమి తగవు తీరలేదు. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సభకు వచ్చినవారిపై పోలీసులు కాల్పులు జరుపగా, ప్రభుత్వము ఒప్పుకొన్న మృతుల సంఖ్య 13. ఆ సంఖ్యను గూడెములు ఏనాడును ఒప్పుకొనలేదు. అచ్చట లేచిన అమరుల స్తూపమును 1986లో కూల్చివేయగా మరల కట్టవలసివచ్చినది. జిల్లాకు భీం పేరు పెట్టినప్పుడు ఈ చరిత్రయంతయు ఆ రెండు పదముల వెనుక నిలిచియున్నది. అందుచేతనే ఆ పేరు సార్థకము.

ఊరికి అవతల

కరీంనగరమునకు ఎలగందుల కిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ పేర ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. ఆదిలాబాదును బీజాపురపు ఆదిల్‌షాహీలతో ముడిపెట్టుదురు. పాలకుల పేర దేశమంతట ఊళ్లున్నవి. అట్టి పేరు చెప్పుకొనుటకు ఎవడును సిగ్గుపడడు, దానిని బట్టి ఎవని పుట్టుకయు బయటపడదు. చెప్పినంతనే చెప్పినవాని కులమును చాటునట్టి పేర్లు వేరు. అవి పల్లె నడుమ నుండవు.

ఉమ్మడి కరీంనగరు జిల్లాలో పాత ఊరు ఏదైన చూడుడు: నడుమ బొడ్రాయి, దానికి సమీపమున చావడి, ఒకనాడు దేశ్‌ముఖు గడీ యున్నచోట ఇప్పుడు మొండిగోడలు, చుట్టును కులవృత్తులవారి వాడకట్టులు, ఆపై కొంత ఖాళీస్థలము, దానిని దాటిన పిమ్మట మాలవాడయు మాదిగవాడయు. ఆ ఖాళీస్థలము ఊరికే యేర్పడినది కాదు. వెట్టికి పిలిచినప్పుడు కేక వినబడునంత దగ్గరగాను, అంటు తగులనంత దూరముగాను కొలిచి విడిచినది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు వేలాదిగా కదలివచ్చిన రైతుకూలీలలో ఆ దూరమును దాటి వచ్చినవారెందరో; అక్టోబరు నాటికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించుట ప్రభుత్వము వంతైనది.

గడీలు కూలినవి, వెట్టి పోయినది, తాలూకాలు మండలములైనవి. వాడ పేరు మాత్రము నోటిమాటలో నిలిచేయున్నది, పెక్కుచోట్ల కాగితములోనికిని ఎక్కినది. బడిలో చేరిన పిల్లవాడు చిరునామా చెప్పిననాడే అతని కులము తరగతి కంతటికి తెలిసిపోవును. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ప్రకారము షెడ్యూల్డు కులపు మనుష్యుని పదిమంది యెదుట కులము పేర దూషించుట శిక్షార్హమైన నేరము. అదే కులము పేరును అతని ఇంటి చిరునామాగా రేషను కార్డు మీద అచ్చొత్తుట మాత్రము పరిపాలన. ఈ వైరుధ్యమును మనము ఇంతకాలము వైరుధ్యముగా గుర్తింపకుండుటయే ఆశ్చర్యము.

మార్చిన పేరు మరల మాసినది

పేర్లు మార్చవలెనన్న తలంపు క్రొత్తది కాదు. హైదరాబాదున మాన్యసంఘమును నెలకొల్పిన భాగ్యరెడ్డివర్మ 1917లో బెజవాడ పంచమ మహాసభకు అధ్యక్షత వహించుచు, పంచములన్న పేరును త్రోసిపుచ్చి, మేమీ నేలకు ఆదివాసులము గాన ఆది ఆంధ్రులమని ప్రకటించెను. మద్రాసు ప్రభుత్వము 1922లో ఆ పేరును అంగీకరించినది. నిజాము రాజ్యపు 1931 జనగణనలో ఆది హిందువులన్న పేరు నమోదైనది. తాము ఎన్నుకొన్న పేరును ప్రభుత్వముచేత వ్రాయించుకొనుట ఆ తరము సాధించిన విజయము.

పిదప గాంధీజీ ప్రచారము చేసిన హరిజన శబ్దము వచ్చి, వాడలు హరిజనవాడలైనవి. పెట్టినవారి ఉద్దేశము మంచిదే అయినను, ఆ పేరు మోసినవారు దానిని దయాభిక్షగా భావించి నిరాకరించిరి. 1982లో కేంద్ర ప్రభుత్వమే కుల ధ్రువపత్రములలో ఆ మాట వ్రాయరాదని రాష్ట్రములకు తెలిపినది. ప్రభుత్వము ఇండ్ల స్థలములిచ్చి కట్టించిన చోట ఎస్సీ కాలనీ పుట్టినది. పట్టణమున గౌరవవాచకమైన కాలనీ అను మాట పల్లెలో కులవాచకమైనది. ఎందుచేత? స్థలము మరల ఊరి అంచుననే ఇచ్చితిమి గనుక. దూరము అట్లే యుండగా దాని మీది పేరు ఎంత క్రొత్తదైనను పాత అర్థమునే పొందును.

ఈ సత్యమును పొరుగువారు కొంత గ్రహించిరి. పెన్‌గంగకు ఆవల మహారాష్ట్ర మంత్రివర్గము 2020 డిసెంబరులో కులము పేరిటి వాడలకు సమతానగర్, భీమ్‌నగర్, క్రాంతినగర్ వంటి పేర్లుంచవలెనని తీర్మానించినది. కేరళలో 2024 జూన్‌లో మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి విడుచుచు కాలనీ అను మాటను తొలగించు ఉత్తర్వుపై సంతకము చేసెను. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో అట్టి ప్రకటనయే చేసెను.

మజరా నుండి పంచాయతీకి

మన చెంత ఇటువంటి మార్పు ఒకటి వేరొక మార్గమున జరిగినది. రెవెన్యూ లెక్కలలో పెద్ద ఊరికి అనుబంధమైన చిన్న ఆవాసమును మజరా యందురు. ఆసిఫాబాదు, ఉట్నూరు ప్రాంతములలో ఎన్నో గోండు గూడెములు, లంబాడీ తండాలు అట్లు పరుల ఊరి పేర చలామణి అగుచుండెడివి. మనుష్యులు తమ గూడెమునకు తాము పెట్టుకొన్న పేరు ఉండగా, దస్తావేజులో మాత్రము వేరొక ఊరి శివారుగా జీవించిరి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము వచ్చి, వెయ్యికి పైబడిన తండాలును గూడెములును స్వతంత్ర పంచాయతీలైనప్పుడు, సర్పంచి ముద్ర మీద గూడెము పేరు గూడెమునకే దక్కినది. ఇచ్చట క్రొత్త పేరు పుట్టలేదు. ఉన్న పేరునకు అధికారము వచ్చినది. వంద సన్మాన నామములకంటె ఇది మేలు.

ఎవరు పెట్టవలె

పై నుండి దిగిన పేరు, అది ఎంత యోగ్యమైనదైనను, ఎట్టి కలతకు గురికాగలదో కోనసీమ చూపినది. 2022లో ఏర్పడిన ఆ జిల్లాకు అంబేడ్కరు పేరు చేర్చగా, మే 24న అమలాపురమున అల్లరి మూకలు మంత్రి పినిపే విశ్వరూప్, శాసనసభ్యుడు పొన్నాడ సతీశ్ గృహములకు నిప్పు పెట్టినవి. ప్రభుత్వము వెనుకకు పోక పేరును నిలిపినది, అది ధర్మమే. కాని రాజ్యాంగకర్త పేరు వినుటకే కొందరికి అంత కోపము కలుగుట, పేరు వెనుకనున్న భేదము చావలేదనుటకు సాక్ష్యము.

దక్షిణాఫ్రికాలో నల్లవారిని వెడలగొట్టి 1955లో సోఫియాటౌనును కూల్చి, ఆ చోట తెల్లవారి కాలనీ కట్టి, దానికి విజయము అను అర్థము గల ట్రయోంఫ్ అని పేరు పెట్టిరి. 2006లో పాత పేరు మరల వచ్చినది. అమెరికాలో మూలవాసి స్త్రీలను కించపరచు ఒక మాటను 2022లో దాదాపు 650 స్థలనామముల నుండి తొలగించిరి. ఆ పని మూలవాసియైన మంత్రి డెబ్ హాలండ్ ఉత్తర్వుతో మొదలైనది, కొత్త పేర్లకై మూలవాసి తెగలతో సంప్రదింపులు జరిగినవి. ఆ మాట పడినవారే పీఠము మీదికి వచ్చి దానిని చెరిపిరి.

మనకును ఇదే మార్గము. కులము పేరు మోయు వాడ యున్న ప్రతి పంచాయతీలో ముందుగా ఆ వాడవారే సభగా కూడి తమకు నచ్చిన పేరును నిర్ణయింపవలె. అంబేడ్కర్ నగర్ అని యుంచుకొందురో, వాగు పేరు, చెట్టు పేరు పెట్టుకొందురో, పేరేల, ఊరి వీధులకు వరుస అంకెలే చాలునందురో అది వారి యిష్టము. పిదప ఆ నిర్ణయము తపాలాకు, రేషను కార్డునకు, ఓటరు జాబితాకు, బడి రిజిస్టరునకు ఒకేమారు చేరవలె. లేనిచో నోట క్రొత్త పేరు, కాగితమున పాత పేరు నిలుచును. అంతకంటె ముఖ్యముగా, ఇకమీదట ఇచ్చు ఇండ్ల స్థలము ఊరి అంచున గాక ఊరి వీధుల నడుమ ఇయ్యవలె. ఖర్చు, కలహము, ఓపిక ఈ చివరి పనికే కావలెను. తక్కినవి ఒక ఉత్తర్వుతో అగును. అందుచేతనే ఉత్తర్వులు పుష్కలముగను, స్థలములు అరుదుగను ఉన్నవి.