తీగకంచె దాపున దారి హక్కు

తార్నాక యను పేరులోనే దారికి అడ్డు కలదు. ‘తార్’ అనగా తీగ, ‘నాకా’ అనగా కావలి గల ద్వారము; పూర్వము తోటలకు తీగకంచె చుట్టి రాకపోకలను కనిపెట్టి చూచిన చోటికే ఈ పేరు దక్కినదని పెద్దలు చెప్పుదురు. కంచెను బట్టి పేరుపడిన పేటలో ఇరుగుపొరుగుల తగవు మూడు బారల గల్లీని గూర్చి యగుట విచిత్రమే.

ఈ ప్రాంతపు నేల చిరకాలము పెద్ద పెద్ద ఖండములుగా కొలదిమంది చేతిలో నుండెను. అడిక్‌మెట్టు, 1824లో గతించిన కవయిత్రి మహలఖా బాయి చందాకు జాగీరై యుండెనని ప్రతీతి. 1918లో వెలసి, గన్‌ఫౌండ్రీలోని అద్దె భవనములలో కాలము గడపిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ వైపునకే తరలివచ్చెను. ఆర్ట్సు కళాశాల భవనము 1939 డిసెంబరు 4వ తేదీన ఏడవ నిజాము చేతులమీదుగా తెరువబడెను. తన నేలపై తాను నడచువానికి దారి హక్కను మాటతోనే పనిలేదు గనుక, యజమాని యొక్కడే యైనంతకాలము బాటలు వట్టి బాటలుగానే యుండెను. కాని 1958లో కూనూరునుండి పోషకాహార పరిశోధనశాల వచ్చి, 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ వెలసి, ఉద్యోగులును అధ్యాపకులును చుట్టుప్రక్కల ఇండ్లు కట్టుకొనగా, తోటలు ప్లాట్లుగా తెగి, ముందటి ప్లాటును ఒరసికొని పోనిదే వెనుకటి ప్లాటును చేరరాని స్థితి యేర్పడి, గల్లీ పుట్టెను.

క్రయపత్రమున దానికి దక్కునది హద్దులలో ఒక్క ముక్క: ‘పడమర ఉమ్మడి గల్లీ’. ఆ ‘ఉమ్మడి’ నేలలో వాటాను తెలుపునా, లేక పరుని నేలపై నడచు హక్కును మాత్రమే తెలుపునా? వ్రాసిన దస్తావేజు లేఖకుడు ఈ సందేహమును పట్టించుకొనలేదు. అతని అశ్రద్ధ మీద ఎందరు వకీళ్లు బ్రతికిరో!

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ఇట్టి హక్కునకు ముఖ్యముగా రెండు త్రోవలు చూపినది. ఒకే నేల విభజింపబడి, ఒక భాగమునకు వేరు దారి లేకున్నచో, అవసరమే హక్కగును; మరియొక దారి దొరికి ఆ యవసరము తీరిననాడు హక్కును తీరిపోవును. రెండవది, ఎవరి దయయు కోరక, బహిరంగముగను నిర్వివాదముగను ఎడతెగక 20 ఏండ్లు నడచుట. ప్రభుత్వ భూమియైనచో 30 ఏండ్లు. ఈ ఇరువది యను సంఖ్య సీమనుండి దిగుమతి యైనదని తలచువారు యాజ్ఞవల్క్యుని చూడవలయును: తన భూమిని పరుడు అనుభవించుచుండగా చూచియు పలుకక యుండువానికి 20 ఏండ్లకు హాని కలుగునని ఆ స్మృతి చెప్పినది. అయితే పోవునది ఆ కాలపు ఫలమే గాని భూమి కాదని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు సర్దిచెప్పెను. తిక్కన కాలపు కేతన ఆ మితాక్షరనే ‘విజ్ఞానేశ్వరీయము’ పేర తెనిగించెను గనుక, ధర్మశాస్త్రపు తగవులు తెలుగువారికి ఏడు శతాబ్దులుగా తెలుగుననే పరిచితములు.

విశ్వవిద్యాలయపు చెట్ల నీడలలో తెల్లవారుజామున నడచు పేటవాసుల సంగతి వేరు. వారు ముప్పదియేండ్లుగా నడచినను, అది యజమాని యిచ్చిన అనుమతితో నడచినదైనచో, అనుమతి ఎంత పాతదైనను హక్కుగా ముదరదు. సాధారణముగా దానిని ఉపసంహరించుకొనవచ్చును. పైన చెప్పినట్టి గల్లీలో కాపురమున్న ఒక వితంతువు వాకిటికి పోవు త్రోవ అట్టిది కాదు. ఆమె ఎవరిని అడిగి నడచినది కాదు. అడిగి నడచియున్నచో, ఆ వినయమే ఆమె వ్యాజ్యమునకు చేటు తెచ్చియుండెడిది.

ఇక ఆ గల్లీ మొగదల పొరుగువాడు ఇనుపగేటు నిలిపి తాళము వేసినచో, అంతమాత్రమున ఆమె యనుభవము తెగినట్లు కాదు. అడ్డు సంగతియు, అడ్డినవా డెవడో యను సంగతియు తెలిసిన పిమ్మట ఏడాదిపాటు ఆమె ఊరకున్నచోనే చట్టము దానిని భంగముగా నెంచును. అందుచేత ఇట్టి వ్యాజ్యములలో సాక్షిని మొదట అడుగదగిన ప్రశ్న గల్లీ వెడల్పు కాదు, తాళము పడిన తేదీ.