గురిగింజలో ఇరవయ్యో వంతు

మా పక్కింటి పెద్దాయన సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చలికాలం వచ్చిందంటే ఆయన సాయంత్రాలన్నీ బేస్‌మెంట్‌లోనే గడుస్తాయి. మొదటిసారి కిందికి తీసుకెళ్ళి చూపించినప్పుడు నాకు మా ఊరి కంసాలి కొట్టు గుర్తొచ్చింది. బరువైన చెక్కబల్ల, దానికి బోల్టులతో బిగించిన ఇనుప ప్రెస్, పక్కన చిన్న తక్కెడ, పైన దీపం. కాకపోతే ఆ తక్కెడలో తూగేది తుపాకి మందు. కాల్చిన తూటాల ఇత్తడి డొల్లలు ఏరి తెచ్చుకుని, మళ్ళీ నింపి తూటాలు చేసుకుంటారాయన. ఈ పనిని ఇక్కడ అమెరికాలో రీలోడింగ్ అంటారు. అమ్ముకోకుండా సొంతానికి చేసుకునేవాళ్ళకి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు.

ఇది మనవాళ్ళకి మింగుడుపడని సంగతి. 1878 ఆయుధాల చట్టం నాటి నుంచీ మన దేశంలో తూటా అంటే సర్కారు అనుమతితో ముట్టుకోవాల్సిన వస్తువు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకులు, తూటాల కోసమే. అమెరికాలో కథ తలకిందులుగా ఉంటుంది. 1775 ఏప్రిల్ 18 రాత్రి బ్రిటిష్ సైన్యమే జనం దాచుకున్న ఆయుధాలనీ మందుగుండునీ పట్టుకోవడానికి కాంకర్డ్ అనే ఊరి మీదికి బయల్దేరింది. 19 తెల్లవారుజామున దారిలో లెక్సింగ్టన్ దగ్గర తుపాకులు పేలాయి. స్వాతంత్ర్య యుద్ధం అక్కడే మొదలైంది. ఇంట్లో మందు ఉండటం తమ హక్కని ఈ జనం ఎందుకంత గట్టిగా నమ్ముతారో తెలియాలంటే, 1791లో వచ్చిన రెండో రాజ్యాంగ సవరణతో పాటు ఆ తెల్లవారుజామునీ గుర్తుపెట్టుకోవాలి.

నేనుండే కాన్సాస్‌కి ఈ చరిత్రలో పెద్ద వాటాయే ఉంది. 1870లలో ఈ మైదానాల్లో అడవిదున్నలను వేటాడినవాళ్ళు గుడారాల దగ్గరే సీసం కరిగించి గుళ్ళు పోసుకుని, వాడిన డొల్లల్నే మళ్ళీ నింపుకునేవారు. ఆ తూటాలతోనే కొద్ది ఏళ్ళలో దున్నల మందలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వాటి మీదే బతికే ఆదివాసీ తెగల నోటికాడి కూడు పోయింది. రీలోడింగ్ చరిత్ర చెప్పేవాళ్ళు ఈ ముక్క దాటేయకూడదని నా అభిప్రాయం.

డొల్లని మళ్ళీ వాడుకునే వీలు అడుగున ఉండే ప్రైమర్ వల్ల వచ్చింది. సూది తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత అది. బాక్సర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి, బెర్డాన్ అనే అమెరికన్ 1860లలో చెరో రకం తయారుచేశారు. బాక్సర్ పద్ధతిలో డొల్లకి నడిమధ్య ఒకటే రంధ్రం ఉంటుంది కాబట్టి, లోపల్నుంచి సన్నటి కడ్డీతో నెడితే పాత ప్రైమర్ ఊడి వచ్చేస్తుంది. ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది. ఇళ్ళల్లో ఈ పని నిలిచింది దానివల్లే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గుళ్ళు దొరకలేదు. 1943లో కాలిఫోర్నియా ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ తన తండ్రి లాండ్రీ వెనక గదిలో గుళ్ళని ఒత్తి తయారుచేసే అచ్చులు (డైలు) చేయడం మొదలుపెట్టారు. రీలోడింగ్ పనిముట్లు చేసే ఆర్‌సీబీఎస్ కంపెనీ అలా పుట్టింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక మందుని మా కాన్సాస్‌లోనే బ్రూస్ హాడ్జ్‌డన్ కొని, పాత రైలుపెట్టెలో నిలవచేసి జనానికి అమ్మారు. 1949లో నెబ్రాస్కా గ్రాండ్ ఐలండ్‌లో జాయిస్ హార్నడీ గుళ్ళ తయారీ మొదలెట్టారు. ఈనాటి కంపెనీలు చాలావరకు ఆ కరువు రోజుల్లో కాళ్ళు నిలదొక్కుకున్నవే. 2020, 2021లలో ప్రైమర్లు కొట్లలో కనపడకుండా పోయినప్పుడు మాస్టారు తన అల్మారా చూపించి ఈ కథలన్నీ చెప్పారు.

కొత్తవాళ్ళు సలహా అడిగితే ఆయన చెప్పేది ఒకటే: డబ్బు ముందు పుస్తకం మీద పెట్టండి, తర్వాత తక్కెడ మీద, ఆ తర్వాతే ప్రెస్ మీద. లైమన్, హార్నడీ, స్పీర్ కంపెనీలు ఏ గుండుకి ఏ మందు ఎంతో పరీక్షించి పుస్తకాలు వేస్తాయి. కనీసం రెండు దగ్గరుండాలి. పై హద్దు జోలికి పోకుండా కింది హద్దు నుంచే మొదలుపెట్టాలి. తెలిసినవాడు నోటిమాటగా చెప్పిన కొలత అసలు వాడకూడదు.

మందు తూచే కొలత గ్రెయిన్. పౌనుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురిగింజ సుమారు రెండు గ్రెయిన్లు తూగుతుంది. మాస్టారి తక్కెడ గ్రెయిన్‌లో పదో వంతు చూపిస్తుంది, అంటే గురిగింజలో ఇరవయ్యో వంతు. ఆయన మందు పళ్ళెంలో పోసి, చిన్న గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఒక్కో పలుకూ రాలుస్తారు. ముల్లు నిలిచేదాకా ఊపిరి కూడా మెల్లగా వదులుతారు. ఆ పూట రేడియో ఉండదు, ఫోను ఉండదు.

ప్రెస్‌ల్లో పిడి ఒక్కసారి లాగితే ఒక్క పని చేసేది సింగిల్ స్టేజ్. లాగిన ప్రతిసారీ ఒక తూటా దించేది ప్రోగ్రెసివ్. కొత్తవాళ్ళ కళ్ళు రెండోదాని మీదే పడతాయి. అందులో ఒకేసారి నాలుగైదు పనులు నడుస్తుంటాయి, ఎక్కడ తప్పిందో కొత్త కంటికి అందదు. ఇంగ్లీషు ‘O’ అక్షరం ఆకారంలో పోత పోసిన గట్టి సింగిల్ స్టేజ్ ప్రెస్ ఒకటి కొంటే పిల్లల కాలానికి కూడా పనికొస్తుందని ఆయన లెక్క. డొల్ల పొడవు కొలవడానికి కాలిపర్, సరిపోయే డైలు, కళ్ళద్దాలు తప్పనిసరి. డొల్లలన్నీ గుంటలున్న చెక్కలో నిలబెట్టి, మందు పోశాక టార్చి వేసి ఒక్కోదాంట్లోకీ చూడాలి. ఒకదాంట్లో రెండుసార్లు పడితే తుపాకి చేతిలోనే పగలొచ్చు. అసలు పడకపోతే గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది, వెనక వచ్చే తూటా ప్రాణం తీయొచ్చు. బల్ల మీద ఎప్పుడూ ఒకటే మందు డబ్బా. పని కాగానే చేతులు కడుక్కోవాలి, సీసం విషం.

ఆయన ఓపిక చూస్తే నాకు గౌరవం. అయినా నేను తుపాకి కొనలేదు. ఒలేతా ఊరు మాకు దూరం కాదు. 2017 ఫిబ్రవరి 22 రాత్రి మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపింది అక్కడే. ఆ వారమంతా మా తెలుగు ఇళ్ళల్లో ఎవరికీ నిద్రలేదు. ఇంత శ్రద్ధగా తూటా చేసే చేతులూ, ద్వేషంతో దాన్ని పేల్చే చేతులూ ఈ ఒక్క నేల మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళున్నా ఆ రెండింటినీ ఒక్కచోట పెట్టి చూడటం నాకు కష్టంగానే ఉంది.

పిల్లల్ని ఇక్కడికి పంపే తల్లిదండ్రులకి ఒక మాట. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. డొల్ల, ప్రైమర్, మందు, గుండు విడివిడిగా ఉన్నా ఫెడరల్ చట్టం లెక్కలో తూటా కిందికే వస్తాయి. మన 1959 ఆయుధాల చట్టంలోనూ తూటా భాగాలు తూటా కిందికే వస్తాయి. స్నేహితుడితో కాల్పుల మైదానం చూడ్డానికి వెళ్ళిన అబ్బాయి ఒక ఖాళీ డొల్లని జ్ఞాపకంగా జేబులో వేసుకోకుండా చూడండి. ఇంటికి విమానం ఎక్కే ముందు సంచి అడుగు దాకా వెతుక్కోమని చెప్పండి.