మిరియాల లెక్కలో ప్రాణాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లోంచి మన సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాల్లో మిరియాల ప్రస్తావన ఉంది. నల్ల మిరియాలంటే భారతీయ సైనికులు, ఎర్రవంటే తెల్ల సైనికులు. నల్లవి అయిపోవచ్చాయని రాస్తే మనవాళ్లు ఎందరు నేలకొరిగారో ఇంటివాళ్లు గ్రహించుకోవాలి. ఇది చదివినప్పటి నుంచి నాకు ఆ ఉత్తరాల మీద నుంచి మనసు మళ్లలేదు.

ఈ గుట్టంతా సెన్సారు కళ్లు కప్పడానికే. ఫ్రాన్సుకు వెళ్లిన భారతీయులు దాదాపు 1,38,000 మంది. చాలామందికి చదువు రాదు, అక్షరం వచ్చిన తోటివాడి చేత రాయించుకునేవారు. ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో హోవెల్ అనే అధికారి కింద ఒక సెన్సారు దళం ఆ ఉత్తరాలను చదివేది. ఊరు చేరాక మళ్లీ ఎవరో చదివి వినిపించాలి. పెళ్లాంతో చెప్పుకునే మాట ఇంతమంది చెవిన పడుతుంటే మొగుడు ఏం రాస్తాడు? ఉభయకుశలోపరి, పంటలు, పశువులు, పిల్లలు జాగ్రత్త. ఆ ‘జాగ్రత్త’లోనే ప్రేమంతా సర్దేయాలి. ఫ్రెంచి ఆడవాళ్లను చూశాక కొందరు మన ఆడపిల్లలకూ చదువు చెప్పించండని ఇంటికి రాశారు. భార్యకు నాలుగు అక్షరాలు వస్తే మధ్యవర్తి బెడద తప్పుతుందన్న ఆశ కూడా అందులో ఉండే ఉంటుంది.

అసలు ఉత్తరాలు ఇళ్లకు చేరి, చాలామట్టుకు అక్కడే చెదలపాలయ్యాయి. సెన్సారువారు ఇంగ్లీషులోకి తర్జుమా చేసుకున్న ముక్కలు మాత్రం లండన్ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నిఘా పెట్టినవాడు దాచాడు, ఆప్తులు దాచలేకపోయారు. అవీ ఎక్కువగా ఉత్తరాదివారివే. మెసొపొటేమియా వెళ్లిన మద్రాసు సాపర్ల (ఇంజనీరింగు సైనికుల) దళంలో తెలుగువాళ్లున్నారు, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరే స్థిరపడింది. అలాంటి ఇళ్లకు వచ్చిన తెలుగు ఉత్తరాలు కదా మనం వెతుక్కోవలసినవి!

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, ఎయిర్‌గ్రాఫ్ వచ్చింది. ఉత్తరాన్ని ఫొటో తీసి, ఫిల్ము విమానంలో పంపి, అవతల ముద్రించి ఇచ్చేవారు. 1,600 ఉత్తరాల బరువు 50 పౌండ్లయితే ఫిల్ముగా అయిదు ఔన్సుల పైచిలుకే. 1950 అక్టోబరు 2న మనకు ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. దాన్ని తెరిచేటప్పుడు మడతల మీద బ్లేడు అడ్డంగా పడితే ఒక వరస అక్షరాలు ఎగిరిపోయేవి. జవాను చిరునామాలో ఊరుండదు, పేరు, నంబరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. మంచుకొండల మీదున్నా, ఎడారిలో ఉన్నా అతని భార్య రాసే చిరునామా అదే.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం తాళపత్రాలను దాచింది. జవాన్ల ఇళ్లలో మిగిలిన ఇన్‌లాండ్ లెటర్లకూ అలాంటి చోటు కావాలి. అటక మీద ట్రంకుపెట్టెలున్న ప్రతి మాజీ సైనికుడి కుటుంబాన్నీ నేను కోరేది ఒక్కటే: పాత కాగితాలవాడికి వేయకముందు ఒక్కసారి విప్పి చదవండి.