మాయ పేరున ఒక పద్దు

2014లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఎన్.ఐ.హెచ్. మాయ మీద పరిశోధనకు విడిగా ఒక పథకం పెట్టింది. దాని పేరు హ్యూమన్ ప్లాసెంటా ప్రాజెక్ట్. మరుసటి ఏడాది దానికింద 4 కోట్ల 60 లక్షల డాలర్ల గ్రాంట్లు ప్రకటించారు. దీనికి పూనుకున్న డైరెక్టరు అలన్ గట్‌మాకర్. మనిషి శరీరంలో మనకు అన్నిటికంటే తక్కువ తెలిసిన అవయవం ఇదేనని ఆయన చాలా వేదికల మీద చెప్పారు. అంతకుముందు ఆయన పనిచేసింది జీనోమ్ సంస్థలో. మనిషి జన్యువుల పటం గీయడానికి 1990 నుంచి 2003 దాకా అయిన ఖర్చు సుమారు 300 కోట్ల డాలర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.

అన్నిటికంటే తక్కువ తెలిసిన అవయవం అన్నమాట నిజమే కావచ్చు. కానీ ఎందుకు తెలియలేదు? దొరక్కనా? ప్రతి పురుడుకీ ఒక మాయ పడుతుంది. దాదాపు అరకిలో బరువుంటుంది. దానికోసం ఎవర్నీ కొయ్యక్కర్లేదు. దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదని మన మంత్రసానులకు తెలుసు. బిడ్డ పుట్టాక కూడా వాళ్లు కూర్చున్నచోటు నుంచి లేచేవాళ్లు కాదు. "మాయ పడిందా?" అన్నది రెండో ప్రశ్న. అది పడకపోయినా, ముక్క లోపల ఉండిపోయినా తల్లి ప్రాణానికి ముప్పని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే దాన్ని పెరట్లో పాతిపెట్టడం. పాఠ్యపుస్తకాల్లో జరాయువని రాస్తారు గానీ, పురిటింట్లో ఆ మాటన్నవాళ్లెవరూ లేరు.

అయితే పడిపోయిన మాయ పని ముగించుకున్న మాయ. అసలు కథ మొదటి వారాల్లో జరుగుతుంది. పిండం తాలూకు కణాలు గర్భాశయపు పొరలోకి చొచ్చుకుపోయి, తల్లి రక్తనాళాల గోడల్నే మార్చి, సన్నటి నాళాల్ని వెడల్పు చేస్తాయి. అది సరిగా జరగకపోతే ఆర్నెల్ల తర్వాత తల్లికి బీపీ పెరుగుతుంది, బిడ్డ ఎదగదు. ఆ మొదటి వారాల్ని చూడాలంటే గర్భంతో ఉన్న స్త్రీ శరీరంలోకి చూడాలి. అందుకే మాయ పరిశోధన చరిత్రలో డబ్బు ఎవరిచ్చారన్న ప్రశ్న వెనకే శరీరం ఎవరిచ్చారన్న ప్రశ్న కూడా నడుస్తుంది.

మొదటి పెద్ద డబ్బు ఉక్కు వ్యాపారి కార్నెగీది. 1914లో ఆయన పేరిట ఉన్న సంస్థ బాల్టిమోర్‌లో పిండశాస్త్ర విభాగం పెట్టింది. ఫ్రాంక్లిన్ మాల్ అనే శరీరశాస్త్రవేత్త దానికి అధిపతి. ఆయనకు కావలసింది పిండాలు, రోజుల వారీగా వరసపెట్టిన పిండాలు. ఆంత్రపాలజిస్టు లిన్ మోర్గన్ 2009లో రాసిన 'ఐకాన్స్ ఆఫ్ లైఫ్' ఆ సేకరణ చరిత్రే. డాక్టర్లు గర్భస్రావాల్లోనూ ఆపరేషన్లలోనూ దొరికినవి సీసాల్లో పెట్టి పంపేవాళ్లు. సీసాకి నెంబరుండేది. పిండం వయసుండేది. అది ఏ స్త్రీ శరీరంలోదో ఆ సంగతి పాత రిజిస్టర్లలో ఉండిపోయింది.

మరీ తొలిరోజుల పిండాలు అలా దొరకవు. వాటికోసం 1938 నుంచి 1953 దాకా, పదిహేనేళ్లపాటు బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో ఫ్రీ హాస్పిటల్ ఫర్ విమెన్‌లో పని జరిగింది. పేరులోనే ఉంది, డబ్బులేని ఆడవాళ్ల ఆసుపత్రి. ఏదో జబ్బుతో గర్భసంచి తీయించుకోవడానికి వచ్చిన స్త్రీలను జాన్ రాక్, ఆర్థర్ హెర్టిగ్ అనే డాక్టర్లు ఎంచుకునేవాళ్లు. పెళ్లయి, భర్తతో కాపురం చేస్తూ, ఇంతకుముందు పిల్లల్ని కన్నవాళ్లయి ఉండాలి. నెలసరి తేదీలూ, భర్తతో కలిసిన తేదీలూ రాసుకుని రమ్మనేవాళ్లు. ఆ తేదీల్ని బట్టి ఆపరేషన్ రోజు. 200 మందికి పైగా స్త్రీల నుంచి 34 తొలి పిండాలు దొరికాయి. మాయ ఎలా నాటుకుంటుందో చెప్పే బొమ్మలు ఇవాళ్టికీ చాలా పాఠ్యపుస్తకాల్లో వీటి నుంచి వచ్చినవే. కార్నెగీ సంస్థ ఖరీదైన కాగితం మీద ఎంతో అందంగా అచ్చు వేయించింది.

అదే ఆసుపత్రిలో రాక్ ప్రయోగశాలలో మిరియమ్ మెన్‌కిన్ పనిచేసేది. 1944లో మనిషి అండాన్ని శరీరం బయట ఫలదీకరణ చేసింది ఆమె చేతులే. ఉద్యోగం మాత్రం సహాయకురాలిది. ఇంకో పేరు ఎలిజబెత్ రామ్‌జీ. 1934లో యేల్‌లో ఒక శవపరీక్ష చేస్తూ రెండువారాల పిండాన్ని గుర్తించిన పాథాలజిస్టు ఆమె. తర్వాత కార్నెగీ విభాగంలో చేరి దశాబ్దాలపాటు ఒక్క ప్రశ్న మీదే కూర్చుంది: తల్లి రక్తం మాయలోకి ఎలా వస్తుంది, ఎలా పోతుంది? కోతుల మీద ఎక్స్-రే సినిమాలు తీసి, రక్తం ఫౌంటెన్‌లా విడివిడి చిమ్ములుగా వస్తుందని చూపించింది. గమనించండి, ఆ విభాగంలో అందరూ పిండాన్ని చూస్తుంటే ఈమె తల్లి రక్తం వైపు నుంచి చూసింది. స్త్రీ కాబట్టే అలా చూసిందని నేననను. కానీ ఆ వైపు కూడా ఒకటుందని ఒకరికి తోచడం చిన్న విషయం కాదు.

రెండో డబ్బు మందుల కంపెనీలది. ఈ కథ కాస్త నిదానంగా చెప్పాలి. బ్రూక్‌లైన్‌లోని ఆ ఆసుపత్రిలోనే ఆలివ్ స్మిత్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఆమె భర్త జార్జ్ స్మిత్ గర్భిణుల హార్మోన్లు కొలుస్తూ వచ్చారు. గర్భం నిలవనివాళ్లలో, బీపీ పెరిగినవాళ్లలో మాయ తయారుచేసే హార్మోన్లు తగ్గుతున్నట్టు వాళ్లకు కనిపించింది. మంచి పరిశీలనే. తగ్గడం కారణమా, ఫలితమా అన్నది తేలకముందే మందు సిద్ధంగా ఉంది. లండన్‌లో చార్లెస్ డాడ్స్ 1938లో తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజెన్, డి.ఇ.ఎస్. దానికి పేటెంటు లేదు, చవక, ఎవరైనా చేసుకోవచ్చు. ఇది ఇస్తే మాయ పుంజుకుంటుందని స్మిత్ దంపతులు 1948 నుంచి వ్యాసాలు రాశారు. కంపెనీలకు కావలసింది అదే.

షికాగోలో డీక్‌మన్ అనే డాక్టర్ దీన్ని పరీక్షించాడు. 840 మందికి మందు, 806 మందికి ఉత్తుత్తి మాత్ర. ఉపయోగం లేదని 1953లోనే తేల్చేశాడు. తాము మింగుతున్నదేమిటో తమకు చెప్పలేదని ఆ స్త్రీలు తర్వాత కోర్టుకెక్కారు. అది అలా ఉంచండి. పనిచేయదని తేలాక కూడా మరో 18 ఏళ్లు డాక్టర్లు ఆ మందు రాస్తూనే ఉన్నారు. 1971లో బోస్టన్‌లో హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు ఎనిమిది మంది పడుచు పిల్లల్లో అరుదైన యోని క్యాన్సర్ గురించి రాశారు. వాళ్లలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డి.ఇ.ఎస్. వాడినవాళ్లు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు తిన్నాను, దానివల్ల కావచ్చా అని డాక్టర్ని మొదట అడిగింది ఒక తల్లే. అమెరికాలో తల్లులూ బిడ్డలూ కలిపి 50 లక్షల నుంచి కోటి మంది దాకా ఈ మందు బారిన పడ్డారని అంచనా. 1970లలో ఆ తల్లులూ కూతుళ్లూ సంఘం పెట్టుకుని, రికార్డులు వెతికి, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. స్త్రీల ఆరోగ్య ఉద్యమం అని మనం చదువుకునే దాంట్లో సగం బలం ఇలాంటి ఉత్తరాలది.

మాయని మందు అమ్మడానికి కావలసినంతవరకే చదివారన్నది నా అభిప్రాయం. థాలిడోమైడ్ విషయంలో అది కూడా లేదు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఆ మాత్రను గర్భిణులు వేవిళ్లకు వాడారు. మాయ గోడలాంటిది, చెడ్డదాన్ని లోపలికి పోనివ్వదనే నమ్మకం డాక్టర్లలో గట్టిగా ఉండేది. 1961 చివర దాన్ని వెనక్కి తీసుకునేసరికి వేలమంది పిల్లలు వైకల్యాలతో పుట్టారు. అమెరికాలో దాన్ని అడ్డుకున్న ఫ్రాన్సెస్ కెల్సీ 1940లలో మలేరియా మందుల మీద పనిచేసింది. కొన్ని మందులు మాయ దాటి పోతాయని అప్పుడే తెలుసుకుంది. అందుకే కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా, గర్భిణుల మీద దీని ప్రభావమేమిటో చూపించమని పట్టుబట్టింది.

ఇంత జరిగాక మాయ దాటి ఏవి పోతాయో చదవాలి కదా. ప్రభుత్వాలు ఇంకో దారి పట్టాయి. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పిల్లల్ని కనగల వయసు స్త్రీలెవరినీ మందుల తొలి పరీక్షల్లోకి తీసుకోవద్దంది. అది మారడానికి 1993 దాకా పట్టింది. గర్భిణుల విషయంలో ఇప్పటికీ పెద్దగా మారలేదు. 2020లో కోవిడ్ టీకాల మొదటి పరీక్షల్లో వాళ్లను పక్కన పెట్టి, తర్వాత వేయించుకోవాలో వద్దో మీరే తేల్చుకోండన్నారు.

ప్రభుత్వం డబ్బిచ్చినప్పుడు కూడా మాయ ఇంకొకరి కేసులో సాక్షిగానే వచ్చింది. 1959 తర్వాత అమెరికాలో 50 వేలకు పైగా గర్భాల్ని నమోదు చేసిన మహా అధ్యయనం ఒకటి జరిగింది. మాయల్ని ఒక పద్ధతిలో పరీక్షించారు. డబ్బిచ్చింది నరాల జబ్బుల సంస్థ. పిల్లల్లో మెదడు పక్షవాతానికి కారణం వెతకడం దాని పని. 1962లో ఏర్పడి, యాభై ఏళ్ల తర్వాత ప్లాసెంటా ప్రాజెక్టు పెట్టిన సంస్థ పేరు చూడండి: శిశు ఆరోగ్య, మానవ వికాస సంస్థ. తల్లి అన్న మాట అందులో లేదు.

తర్వాత పెద్దవాళ్ల గుండెజబ్బు దారిన వచ్చింది. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ 1990లో ఒక వ్యాసం రాశాడు. ప్రెస్టన్ ఊళ్లో షారో గ్రీన్ ఆసుపత్రిలో 1935-43 మధ్య పుట్టిన 449 మందిని యాభై ఏళ్లకు వెతికి పట్టుకుని రక్తపోటు చూశారు. పుట్టినప్పటి బరువు తక్కువగా, మాయ బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో బీపీ ఎక్కువ. ఈ వ్యాసం తర్వాత గర్భంలోనే పెద్దవయసు జబ్బులకు పునాది పడుతుందన్న వాదం ప్రపంచమంతా పాకింది. నాకు మాత్రం ఆ వ్యాసం కంటే దాని వెనకున్న రిజిస్టర్ మీదే మనసు పోతుంది. యుద్ధకాలంలో, చేతినిండా పనితో, ప్రతి మాయనీ తూకం వేసి అంకె రాసిపెట్టింది అక్కడి నర్సులూ మంత్రసానులూ. వాళ్లకు ఏ గ్రాంటూ రాలేదు. సిద్ధాంతానికి పేరు బార్కర్‌దే.

మరి స్త్రీవాదులం మనం ఏం చేశాం? నిజం చెప్పాలంటే మనకు ఈ అవయవమంటే కొంచెం జంకు. గర్భం గురించి ఏం మాట్లాడినా దాన్ని తీసుకెళ్లి మాతృత్వపు పీఠం మీద పెడతారనీ, అబార్షన్ హక్కుకు అడ్డం తెస్తారనీ భయం. ఆ భయం అర్థంలేనిది కాదు. ఫ్రాన్స్‌లో జీవశాస్త్రవేత్త హెలెన్ రూష్ మాత్రం జంకలేదు. ల్యూస్ ఇరిగరే 1990లో తెచ్చిన పుస్తకంలో ఆమెతో జరిపిన సంభాషణ ఉంది. తల్లీ బిడ్డా ఒకటేననే కవిత్వాన్నీ, బిడ్డ తల్లిని పీల్చుకుతింటుందనే యుద్ధభాషనీ రెంటినీ రూష్ కాదంటుంది. ఇద్దరి మధ్యా మాయ మూడోదిగా ఉండి, ఇద్దరినీ వేరుగా ఉంచుతూనే ఇచ్చిపుచ్చుకోవడం నడుపుతుందంటుంది. పరిశోధనా పత్రాలు మాత్రం ఇప్పటికీ 'దండయాత్ర' భాషే వాడుతున్నాయి.

భాష సంగతి అలా ఉంచి ప్రాణాల సంగతికొస్తే, మన వైపు గుర్రపువాతమనే జబ్బు ఉంది. బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, తల్లి చనిపోతుంది. దాని మూలం మాయలో ఉంది. మెగ్నీషియం సల్ఫేటు ఇంజక్షను ఫిట్స్ ముప్పును సగానికి తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేలమంది స్త్రీలతో జరిపిన పరీక్ష 2002లో తేల్చింది. మాయ వదిలే ఒక ప్రోటీన్ తల్లి రక్తనాళాల్ని దెబ్బతీస్తోందని 2003లో బోస్టన్‌లో షారన్ మేనార్డ్, అనంత్ కరుమంచి బృందం చూపించింది. ఆ ప్రోటీన్‌ను కొలిచే రక్తపరీక్షకు అమెరికాలో అనుమతి వచ్చింది 2023లో. 20 ఏళ్లు. జబ్బు కుదిర్చే మార్గం ఇప్పటికీ ఒక్కటే: కాన్పు చేసి మాయని బయటికి తీయడం. నెలలు నిండాయా లేదా అన్నది తర్వాతి మాట.

అందుకే 2014 నాటి పద్దు చిన్నదైనా దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తల్లికీ బిడ్డకీ హాని లేకుండా, బతికున్న మాయ పని చేస్తుండగానే చూడటం దాని లక్ష్యం. బ్రూక్‌లైన్ స్త్రీల గర్భసంచుల మీద ఆధారపడక్కర్లేని చూపు. ఎం.ఆర్.ఐ., అల్ట్రాసౌండ్, తల్లి రక్తంలో తేలే మాయ ఆనవాళ్లు ఈ దారులకు డబ్బిచ్చారు. 2018లో కేంబ్రిడ్జిలో మార్గరీటా టర్కో, ఆష్లీ మోఫెట్ బృందం ప్రయోగశాలలో చిన్న మాయ నమూనాల్ని పెంచింది. వాళ్ల కేంద్రం 2007లో దాత సొమ్ముతో మొదలయింది.

మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డబ్బుతో 2015లో గుర్‌గావ్ సివిల్ ఆసుపత్రిలో గర్భిణి అనే అధ్యయనం మొదలుపెట్టారు. వేలమంది గర్భిణుల్ని మొదటి నెలల నుంచీ అనుసరిస్తున్నారు. నెలలు నిండని కాన్పులు ఎందుకు జరుగుతాయన్నది ప్రశ్న. ఇక్కడా మాయ ఇంకో ప్రశ్న వెనక నిలబడి ఉంది. మిగతా ఆసుపత్రుల్లో, మన ఊళ్ల లేబర్ రూముల్లో, నర్సు మాయని తిప్పి చూసి, పూర్తిగా పడిందని కేస్‌షీట్లో ఒక వాక్యం రాస్తుంది. 2016 నాటి వ్యర్థాల నిబంధనల ప్రకారం అది పసుపురంగు సంచిలోకి పోతుంది. రోజువారీ రిజిస్టర్లో ఆ సంచుల బరువు రాస్తారు.